నల్గొండ ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ చేద్దామంటే నాలుగు డిపార్ట్‌మెంట్లూ "మాది కాదు" అంటున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మునుగోడు_బయోటీచర్

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను మునుగోడు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, తర్వాత బీఈడీ, ఉద్యోగం వచ్చి పదకొండేళ్లు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మా నాన్న మెడ తిప్పలేడు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నాకు ఊహ తెలిసేసరికే ఆయన అట్లా ఉన్నాడు, అందుకే చిన్నప్పుడు నాన్నలందరూ అట్లాగే తిరుగుతారని అనుకునేదాన్ని.

మా ఊరికి 2018లో మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లొచ్చాయి. అంతకుముందు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే గతి. ఇప్పుడు నా క్లాసుల్లో కొందరు పిల్లలు నవ్వేటప్పుడు పళ్ల మచ్చలు కనిపించకుండా ఇంకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, కొందరు పెట్టుకోరు. నీళ్లు మారాయి కదా, మరి పిల్లల్లో నిజంగా ఏం మారింది, ఎంత మారింది? నా ప్రశ్న ఇదొక్కటే.

దీని మీద పార్ట్ టైం పీహెచ్‌డీ చేద్దామని సినాప్సిస్ రాసుకుని ఒక యూనివర్సిటీకి వెళ్లాను. ఎన్విరాన్‌మెంట్ వాళ్లు పళ్లు, ఎముకలు మెడికల్ సబ్జెక్ట్ కదమ్మా అన్నారు. మెడికల్ వాళ్లను అడిగితే మీకు ఎంబీబీఎస్ లేదు కదా అన్నారు. పిల్లల హాజరు, చదువు గురించి ఒక భాగం ఉంది, అది ఎడ్యుకేషన్ వాళ్లదట. అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం ట్యాంకు చాప్టర్ మీద. మా బడి వెనక ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు కింద పెచ్చులూడి సలాకలు బయటికి కనిపిస్తున్నాయి. కారుతోందని సగమే నింపుతున్నారు, సాయంత్రం నీళ్లు చాలకపోతే పాత బోరు మోటారు వేసి అదే పైపులో వదులుతున్నారని నా అనుమానం. అంటే పేరుకు భగీరథ నీళ్లు, తాగేది కలగాపులగం. ఇది రాస్తే "సివిల్ ఇంజనీరింగ్ మీకెందుకు, ఏదో ఒకటి పట్టుకోండి, ఇన్ని పడవల మీద కాళ్లు పెట్టకండి" అన్నారు.

వాళ్లన్నది తప్పని కూడా అనలేను. కానీ ఏ ముక్క తీసేసినా నా ప్రశ్నకు జవాబు రాదు. ట్యాంకు తీసేస్తే పిల్లలు ఏ నీళ్లు తాగారో తెలియదు, పళ్లు తీసేస్తే నీళ్లు ఏం చేశాయో తెలియదు.

నేనేం చెయ్యాలి? ఈ ఆలోచన వదిలేసి లైబ్రరీలో కూర్చుని చేసే టాపిక్ ఏదైనా తీసుకోవాలా? ఒక్క బడి మీద పరిశోధన చేస్తే దానికి విలువ ఉంటుందా? నీళ్లు పరీక్ష చేయించడం ఎట్లా?

---

బోరుబావి

మేడం, వదలకండి. కానీ చిన్నది చేయండి. నేను హైడ్రోజియాలజీలో పనిచేశాను, చౌటుప్పల్, మర్రిగూడ వైపు బోర్ల నీళ్లు చాలా ఏళ్లు పట్టాను కాబట్టి నీళ్ల సంగతి వరకు చెబుతాను.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది, నీళ్లు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత కరిగి వస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుగుకు దించేస్తుంది. మన దగ్గర ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ, అందుకే కరిగింది కరిగినట్టే ఉండిపోతుంది. పగుళ్లు ఎక్కడికక్కడ వేరు కాబట్టి ఒకే వాడలో పక్కపక్క బోర్లకు కూడా లెక్క చాలా తేడా వస్తుంది. "మా ఊరి ఫ్లోరైడ్ ఇంత" అని ఒక్క నంబర్ ఎప్పుడూ రాయకండి, ఏ బోరు, ఏ నెల అనేది ఉండాలి. మే నెలలో ఒకసారి, వానలయ్యాక నవంబర్‌లో ఒకసారి పట్టండి. మన భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సరే అంటారు.

సీసాలు ప్లాస్టిక్‌వే వాడండి, గాజుతో ఫ్లోరైడ్ కలుస్తుంది. ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు ఏ పద్ధతిలో చేస్తారో అడగండి. రంగు చూసి చెప్పే స్పాడ్న్స్ (SPADNS) పద్ధతికి నీళ్లలోని అల్యూమినియం అడ్డొస్తుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మన జిల్లా పేరుతోనే నల్గొండ టెక్నిక్ అని ఉంది కదా, నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు 1970లలో చేసింది, పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి కలిపి తేర్చడం. చవకైన పద్ధతి, కానీ పటిక మోతాదు నీళ్లను బట్టి మార్చాలి, లేకపోతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది, బురద ఎక్కడ పొయ్యాలన్నది ఇంకో సమస్య. అట్లాంటి శుద్ధి నీళ్లు ఎక్కడైనా ఉంటే ఎలక్ట్రోడ్ పద్ధతే అడగండి.

ఇక మీ అసలు అనుమానం, అంటే బోరు నీళ్లు కలుస్తున్నాయా అన్నది. దీనికి ప్రతిరోజూ ఫ్లోరైడ్ పరీక్ష అక్కర్లేదు. నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో (టీడీఎస్) చూపించే చిన్న పెన్నులాంటి మీటర్ దొరుకుతుంది. అది ఫ్లోరైడ్ చూపించదు, దాన్ని చూసి ఫ్లోరైడ్ లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ కృష్ణా నీళ్లకు, మీ ఊరి బోరు నీళ్లకు టీడీఎస్ మామూలుగా బాగా తేడా ఉంటుంది. ముందు రెండూ విడివిడిగా కొలిచి రాసుకోండి. తర్వాత బడి నల్లా దగ్గర పొద్దున, సాయంత్రం రెండు నెలలు కొలవండి. ఏ రోజు అంకె బోరు వైపు ఎగబాకిందో ఆ రోజు కలిసినట్టే, ఆ రోజు సీసా ల్యాబ్‌కి పంపండి.

ఇంకోటి, నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని మన ఊళ్లలో ఇంకా చాలామంది అనుకుంటారు. పోదు, నీళ్లు ఇగిరిపోయి ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకుని అన్నం, పప్పు బోరు నీళ్లతో వండే ఇళ్లు ఉంటాయి. కాబట్టి మీ ప్రశ్నాపత్రంలో "ఏం తాగుతారు" అని మాత్రమే కాదు, "దేంతో వండుతారు" అని కూడా ఉండాలి.

---

ఎముకల_డాక్టర్

అమ్మా, నాన్నగారి గురించి చదివి ఆగిపోయాను. ఓపీలో ఇట్లాంటి నాన్నలను చాలామందిని చూశాను.

నాలుగు సబ్జెక్టులు ఒకచోట కలవకూడదని మీతో అన్నవాళ్లకు మన జిల్లా చరిత్రే చూపించండి. నల్గొండ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) మీద సిద్దిఖీ గారు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకుల గురించి లాన్సెట్‌లో రాశారు. మోకాళ్ల దగ్గర మొదలైన ఆ ప్రశ్న తిండి దగ్గరికి వెళ్లింది, తిండి నుంచి జొన్నకు, జొన్న నుంచి నేలకు, నేల నుంచి నాగార్జునసాగర్ దాకా వెళ్లింది. డ్యామ్ ఊట వల్ల భూగర్భజలం పైకి వచ్చి నేల స్వభావం మారి, జొన్నల్లోకి మాలిబ్డినం అనే లోహం ఎక్కువ చేరి, ఒంట్లో రాగి తగ్గి ఎముక బలహీనపడుతోందని వాళ్లు వాదించారు. పోషకాహార సంస్థ వాళ్లు ఒక ఆనకట్ట గురించి మాట్లాడాల్సి వచ్చింది. మోకాలి జబ్బు కాబట్టి మోకాలి దగ్గరే ఆగుదాం అనుకుని ఉంటే అది తెలిసేది కాదు.

ఇప్పుడు మీ పని. పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ చూస్తే ఈమధ్య రోజుల్లో ఒంట్లోకి ఎంత పోయిందో తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. ఎముక ఎన్నో ఏళ్ల లెక్క చూపిస్తుంది, కానీ ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పరిశోధన కోసం ఎక్స్‌రే తియ్యకూడదు, ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే తీసేయండి. మీకు పనికొచ్చేది పళ్లే.

శాశ్వత దంతాల్లో ముందు పైపళ్ల ఎనామిల్ పుట్టినప్పటి నుంచి దాదాపు నాలుగైదేళ్ల వయసు వరకు తయారవుతుంది. ఆ సమయంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే తెల్ల మచ్చ, గోధుమ రంగు మచ్చ పడుతుంది, ఇక పోదు. తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా ఆ మచ్చ ఉంటుంది, ఎనామిల్ అయిపోయాక చెడ్డ నీళ్లు తాగినా కొత్త మచ్చ రాదు. ఇప్పుడు మీ బడిని చూడండి. పదో తరగతి పిల్లవాడు 2010 ప్రాంతంలో పుట్టాడు, వాడి ముందు పళ్లు పూర్తిగా బోరు నీళ్ల కాలంలో తయారయ్యాయి. పక్కన ప్రైమరీ ఉంటే, అక్కడ మూడో తరగతి పాప పళ్లు దాదాపుగా భగీరథ వచ్చాక తయారైనవి. మధ్యలో ఉన్న తరగతులు మధ్యలో ఉన్నాయి. ఒకే ఊళ్లో, ఒకే ఆవరణలో, 2018కి ముందు, తర్వాత ఏం జరిగిందో వరుసగా బెంచీల మీద కూర్చుని ఉందమ్మా. ఒక్క బడికి విలువ ఉందా అన్నారు కదా, ఇంత చక్కగా అమరిన బడి దొరకడమే కష్టం.

జాగ్రత్తలు చెబుతాను. పళ్ల మచ్చలు ఎంత తీవ్రంగా ఉన్నాయో మార్కులు వేసే డీన్ కొలమానం వాడండి, చాలా పాతది, అందరికీ తెలిసినది. పళ్లు మీరు చూడకండి, ఏ పిల్లవాడు ఏ తరగతో తెలియకుండా ఫోటోలు చూసి మార్కులు వేసే డెంటిస్టులు ఇద్దరు కావాలి. అన్ని వయసుల్లోనూ అవే పళ్లు పోల్చండి, ముందు పైపళ్లు, మొదటి దవడ పళ్లు. పెద్ద పిల్లల పళ్లు వచ్చాక కొంత అరిగి, గుంటలు పడి ఉంటాయి కాబట్టి అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

తిండి గురించి కూడా అడగండి. 2002లో పోషకాహార సంస్థ వాళ్లే హాస్టల్ అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ బయటికి పోవడం పెరిగింది. చింతపండుతో జబ్బు నయమవుతుందని దాని అర్థం కాదు, దయచేసి బడిలో అట్లా చెప్పకండి. కానీ పులుసు, పాలు, గుడ్డు ఏ ఇంట్లో ఎంత తింటారన్నది తేడా తెస్తుంది.

---

పాలమూరు_సివిల్

అక్కా, ట్యాంకు చాప్టర్ తియ్యొద్దు. నేను స్ట్రక్చరల్‌లో ఎంటెక్ చేసి పాత ట్యాంకులు, బడి బిల్డింగులు చెక్ చేసే పనే చేస్తున్నాను. ట్యాంకు సగమే నింపడం చిన్న విషయం కాదు. ఇంజనీర్లు కట్టినప్పుడు లెక్కలో పెట్టిన నీళ్లు ఊరికి అందకపోతే ఆ లోటు ఎక్కడి నుంచో పూడుతుంది, మన దగ్గర అది బోరు నుంచే పూడుతుంది.

కానీ మీరు ట్యాంకు బలం ఎంత అని తేల్చే పని పెట్టుకోకండి, అది నిజంగా మాలాంటి వాళ్ల పని, సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాల్సిన పని. మీరు చెయ్యగలిగింది చూసి రాయడం. నేల మీద నుంచే ఫోటోలు తియ్యండి, ప్రతి నెలా ఒకే చోట నిలబడి. తెల్లని చారలు కనిపిస్తే నీళ్లు కాంక్రీటు గుండా కారుతూ సున్నం బయటికి తెస్తున్నట్టు. ఎర్రటి చారలైతే లోపల సలాక తుప్పు పడుతున్నట్టు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే పెచ్చులు ఊడతాయి. ఊడిన చోట అప్పుడే బయటపడ్డ కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లితే బాగున్న కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల క్షారగుణం పోయిన చోట రంగు రాదు. ఇది మీ స్కూల్ ల్యాబ్‌లో ఉండే ద్రవమే, కానీ ట్యాంకు కిందికి వెళ్లి కొట్టి చూడకండి, పిల్లలను అసలే పంపకండి. పెచ్చు తలమీద పడితే ప్రాణం పోతుంది. కాంక్రీటు బలం చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు ఆ పని తెలిసినవాళ్లు చెయ్యాలి. ముందు పంచాయతీకి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి రాసివ్వండి, పరిశోధన సంగతి తర్వాత.

ఫ్లోరైడ్ నీళ్లు కాంక్రీటును కూడా తినేస్తాయని ఊళ్లలో అంటారు. బోరు నీళ్లలో ఉండే కొద్దిపాటి ఫ్లోరైడ్‌తో కాంక్రీటుకు భయం లేదు. సలాకకు శత్రువు క్లోరైడ్. కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ ఎంత ఉండొచ్చో ఐఎస్ 456 అనే భారతీయ కాంక్రీటు ప్రమాణంలో ఉంది, సలాక ఉన్న కాంక్రీటుకు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్‌కి ఆ పట్టికలో హద్దే లేదు. చాలా ట్యాంకుల్లో నేను చూసిన జబ్బు ఇంకా మామూలుది, సలాకకు బయట కాంక్రీటు కవర్ సరిపడా వదలకపోవడం, క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) సరిగా చేయకపోవడం.

ఈ నీళ్ల కోసం మన వైపు ఎంత పని జరిగిందో తలుచుకుంటే మనసు భారమవుతుంది. శ్రీశైలం నీళ్లు నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్లకు తెద్దామని మొదలుపెట్టిన ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వాళ్లలో మన ఊళ్లవాళ్లు ఎవరూ లేరు, మన నీళ్ల కోసం ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు.

---

అచ్చంపేట_లెక్చరర్

మేడం, నాది ఎడ్యుకేషన్. రెండు మూడు విషయాలు చెబుతాను, తర్వాత నా అనుభవం.

మొదటిది వలస. మా అచ్చంపేట, మీ దేవరకొండ, మర్రిగూడ వైపు ఎన్ని కుటుంబాలు పిల్లల్ని చంకనేసుకుని హైదరాబాద్, ముంబై పనులకు పోయి వచ్చాయో మీకు తెలుసు. పదో తరగతి పిల్లవాడికి మచ్చలు లేవంటే మీ ఊరి నీళ్లు బాగున్నాయని కాదు, వాడు నాలుగేళ్లు వచ్చేదాకా ఎల్బీనగర్‌లో బిల్డింగ్ దగ్గర పెరిగి ఉండొచ్చు. డాక్టర్ గారు చెప్పిన లెక్క అంతా ఇక్కడ తప్పిపోతుంది. ప్రతి తల్లినీ కూర్చోబెట్టి బిడ్డ ఐదేళ్ల వరకు ఎక్కడ ఉన్నాడు, ఏ బోరు నీళ్లు తాగాడు అని ఏడాది ఏడాదికి రాసుకోండి. పెద్ద సంస్థల నుంచి వచ్చేవాళ్లకు తల్లులు రెండు ముక్కలు చెప్పి పంపిస్తారు, మీకు మాత్రం కూర్చుని చెబుతారు. ఈ పరిశోధన చెయ్యడానికి మీకున్న అసలు అర్హత అదే అనుకుంటాను.

రెండోది, పిల్లల తెలివితేటలు కొలిచే ఆలోచన ఉంటే వద్దు. నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటంతో సంబంధం కనిపిస్తోందని 2024లో అమెరికా ప్రభుత్వ సమీక్ష ఒకటి చెప్పింది, నిజమే. కానీ ఒక్క బడిలో పేదరికం, రక్తహీనత, తల్లి చదువు ఇవన్నీ విడదీసి చూడటం కుదరదు, చివరికి "ఫ్లోరైడ్ ఊరి పిల్లలు మొద్దులు" అన్న మాట ఊరి మీద పడుతుంది. సంబంధాలు చూసేటప్పుడు ఆడపిల్లల పళ్లు చూసే ఊళ్లు మనవి. దానికి బదులు మీరు మొదట రాసిన చెయ్యి అడ్డం పెట్టుకోవడం గురించే పనిచేయండి. క్లాసులో లేచి చదవడానికి, స్టేజీ ఎక్కడానికి ఎవరు వెనకాడుతున్నారు, ఎందుకు, వాళ్ల మాటల్లోనే.

మూడోది అనుమతులు. పిల్లల పళ్ల ఫోటోలు తీస్తున్నారు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఫోటో కూడా తియ్యొద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలి. మీరు వాళ్ల టీచర్, మీరు అడిగితే కాదనలేరు, కాబట్టి ఆ అడగడం ఇంకొకరితో చేయించండి.

డిపార్ట్‌మెంట్ సంగతి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లోనే చేరండి, మీ పీజీ అదే. ఇంకో విభాగం నుంచి కో-గైడ్‌ని పెట్టుకోవడానికి యూజీసీ 2022 నిబంధనల్లో అవకాశం ఉంది. కమ్యూనిటీ మెడిసిన్ లేదా డెంటల్ నుంచి ఒకరిని అడగండి. నీళ్లు, పళ్లు థీసిస్‌లో ఉంటాయి, ట్యాంకు ఒక చిన్న అధ్యాయం అవుతుంది.

నా అనుభవం ఏంటంటే, నేను తొందరపడి పర్యావరణం, వైద్యం, ఇంజనీరింగ్, ఎడ్యుకేషన్ అన్నీ ఒకే సంచికలో వేసే ఒక పత్రికకు డబ్బు కట్టి పేపర్ వేయించాను. మూడు రోజుల్లో ఒప్పుకున్నారు, ఒక్క తప్పు కూడా పట్టలేదు, నా పట్టికలో ఒక కాలమ్ కూడిక తప్పని తర్వాత నా స్టూడెంటే చూపించింది. ఇప్పటికీ ఆ పేపర్ నా పేరుతో అట్లాగే ఉంది. నాలుగు సబ్జెక్టులు ఒక ప్రశ్న కోసం కలవడం వేరు, ఫీజు కోసం ఒక అట్ట కింద కలవడం వేరు. మీ దగ్గరున్నది మొదటి రకం, దాన్ని అట్లాంటి చోట పారేయకండి.

---

మునుగోడు_బయోటీచర్

మీ అందరికీ ఎట్లా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. డాక్టర్ గారు రాసిన బెంచీల మాట చదివి ఇవాళ పదో తరగతికి వెళ్లి కాసేపు ఏమీ చెప్పలేకపోయాను. రోజూ నా ముందే కూర్చున్నారు.

అచ్చంపేట సార్, తల్లులను అడగడం అనేది నాకు తట్టనే లేదు. మా క్లాసులో ముగ్గురు పుణె నుంచి వచ్చి చేరినవాళ్లే ఉన్నారు. ఐక్యూ భాగం నా సినాప్సిస్‌లో ఉంది, తీసేశాను. ట్యాంకు గురించి ఫోటోలతో పంచాయతీకి అర్జీ ఇవ్వబోతున్నాను, కాపీ మా హెచ్ఎం గారి దగ్గర ఉంటుంది. అప్పటిదాకా పిల్లలు అటువైపు ఆడకుండా తాడు కట్టించాం.

పళ్ల పని అనుమతి వచ్చాకే. నీళ్లు మాత్రం సోమవారం నుంచి కొలుస్తాను, టీడీఎస్ మీటర్ తెప్పించాను. బోరుబావి గారూ, ఒక్క డౌట్. సీసాల మీద మార్కర్‌తో రాస్తే తడికి చెరిగిపోతోంది, మూత మీద రాయొచ్చా?

---

బోరుబావి

మూత మీద వద్దు మేడం, కడిగేటప్పుడు మూతలు మారిపోతాయి, నాకు ఒక సీజన్ మొత్తం అట్లాగే పోయింది. కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసాకు అంటించి పైన టేపు చుట్టండి, పెన్సిల్ తడికి పోదు. సీసాను పట్టే నీళ్లతోనే రెండుసార్లు తొలిచి నింపండి. తేదీ, టైం, ఏ నల్లా, మీటర్ అంకె. ఆ రోజు ఏ మోటారు నడిచిందో వాటర్‌మన్‌ని అక్కడే అడిగి అదే కాగితం మీద రాయండి, సాయంత్రం రాద్దాంలే అనుకోకండి.